మట్టిలోని ప్రాణాన్ని తూచిన నూరేళ్లు

పొలం మట్టిలోని సేంద్రియ కర్బనంలో బతికున్న సూక్ష్మజీవులది నూటికి ఒకటి నుంచి ఐదు పాళ్లే. ఆకైనా, పేడైనా కుళ్లి పైరుకు అందాలంటే మాత్రం ఆ కొద్దిపాటి ప్రాణం చేతుల మీదుగానే రావాలి. దాన్ని మట్టి నుంచి విడదీసి నేరుగా తూచే తక్కెడ ఈనాటికీ లేదు.

మొదట తలలు లెక్కపెట్టారు. పోషక మాధ్యమం పోసిన పళ్లేల్లో పెంచి చూస్తే, మైక్రోస్కోప్‌లో కనబడేవాటిలో నూటికి ఒకటి మొలవడమే గగనం. 1948లో జోన్స్, మాలిసన్ మట్టిని అగార్‌లో కలిపి పలుచని పొరగా పరిచి, రంగు వేసి లెక్కించారు. కళ్లు కాయలు కాసే పని అది.

అసలు దారి ద్రాక్షతోటల్లో దొరికింది. 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఫిల్లాక్సెరా పురుగు మీద కార్బన్ డైసల్ఫైడ్ ప్రయోగిస్తే, ఆ నేలలో పైరు ఏపుగా పెరిగింది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1909లో రసెల్, హచిన్సన్ ఇలాంటి మందులు పట్టించిన మట్టిలో అమ్మోనియా పెరగడం చూసి, బాక్టీరియాను తినే ప్రోటోజోవా చచ్చాయి కాబట్టే అన్నారు. జవాబు అప్పటికే వారి చేతిలో ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి మరో యాభై ఏళ్లు పైనే పట్టింది.

అదే రోథామ్‌స్టెడ్‌లో డేవిడ్ జెంకిన్సన్ రేడియోధార్మిక కర్బనమున్న గడ్డిని మట్టిలో కుళ్లబెట్టి, మందు పట్టించాక కనబడే ఆ పెరుగుదల చచ్చిన సూక్ష్మజీవుల దేహాల నుంచే వస్తోందని 1966లో వాదించారు. 1976లో పాల్సన్‌తో కలిసి దాన్ని కొలతగా మార్చారు. మట్టికి 24 గంటలు క్లోరోఫాం ఆవిరి పట్టించి, ఆవిరి తీసేసి, చచ్చినవాటిని కుళ్లబెట్టడానికి చిటికెడు తాజా మట్టి కలిపి, 25 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచాలి. ఆవిరి పట్టని మట్టి కన్నా అదనంగా వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లోని కర్బనాన్ని 0.5తో భాగిస్తే జీవరాశి కర్బనం తేలుతుంది. బతుకును కొలవడానికి చంపి చూడటం! ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన నాకు కనబడదు.

బాగా ఆమ్ల నేలల్లో అది తప్పింది. అందుకే 1987లో వాన్స్, బ్రూక్స్, జెంకిన్సన్ పది రోజుల నిరీక్షణ మాని, ఆవిరి పట్టగానే పొటాషియం సల్ఫేట్ ద్రావణంతో కర్బనాన్ని పిండారు. ఇప్పుడు ఎక్కువ ప్రయోగశాలల్లో జరిగేది ఇదే. జర్మనీలో ఆండర్సన్, డోమ్ష్ 1978లోనే మట్టికి గ్లూకోజు పెట్టి, సూక్ష్మజీవుల ఊపిరి వేగాన్ని బట్టి అంచనా కట్టారు. మరుసటి ఏడు జెంకిన్సన్, ఓడ్స్ మట్టిలోని ఏటీపీని, అంటే బతికున్న కణాల్లో శక్తిని మోసే అణువును, కొలిచారు. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

తర్వాత కొలతకు కణాల కొవ్వు ఆమ్లాలు వచ్చాయి, డీఎన్‌ఏ వచ్చింది. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా మట్టిలో నిలిచి ఉంటుంది కనుక క్లోరోఫాం సీసాను ఎవరూ పక్కన పెట్టలేదు.

అయితే క్లోరోఫాం పద్ధతిలోని ఆ భాగహారపు అంకెలు ఎక్కువగా చల్లటి దేశాల నేలల మీద తేల్చినవి. మన నల్లరేగడికి వాటిని యథాతథంగా వాడి, ఎకరాకు ఇంత అని చెబితే నేను నమ్మను. ఒకే నేలలో రెండు మళ్లను పోలిస్తే మాత్రం అంకె ఏదైనా నిష్పత్తి మారదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి పక్కపక్కనే నడిచిన నల్లరేగడి మళ్లలో, వానాకాలం బీడు పెట్టిన పాత పద్ధతి కన్నా, పైరు వేసి ఎరువు పెట్టిన మడిలో సూక్ష్మజీవుల కర్బనం ఎక్కువని తేలింది. ఆ మాటను నిస్సందేహంగా నమ్ముతాను.