తెరమీఁది ప్రహ్లాదుఁడు



మా పొన్నూరిలో వెలసిన స్వామికి సాక్షి భావనారాయణుఁడని పేరు. ఆడినమాట తప్పినవాని కెదురుగా సాక్ష్యము పలుకుటకై కాశినుండి తరలివచ్చెనని స్థలపురాణము. ఆ కథ వినుచుఁ బెరిగినవారికి ప్రహ్లాదుని చరిత్రము పరాయిదిగాఁ దోఁపదు. అచ్చటను బాలుఁ డాడిన మాట నిలుపుటకే స్వామి కంబము చీల్చుకొని వచ్చెను.

తెలుఁగువారి మొదటి మాటల చిత్రమునకును ఈ కథయే దొరకినది. హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలోఁ దీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6వ తేదీన వెలువడెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము దానికి మూలము. సురభి నాటకసమాజమువారు నటులు. హిరణ్యకశిపుఁడు మునిపల్లె సుబ్బయ్యగారు. లీలావతి సురభి కమలాబాయిగారు. (ఆ యింటిపేరు వినఁగానే మనకు మన ప్రక్కయూరు మునిపల్లె జ్ఞప్తికి వచ్చును, అంతకు మించి నే ననను.) 1942లో చిత్రపు నారాయణమూర్తిగారు ఆ కథను మరల తెర కెక్కించిరి. 1967లో ఏ.వి.ఎం. వారి చిత్రము వచ్చెను. దానిని మా తండ్రిగారి వెంటఁ బోయి చూచితిని. ఎస్.వి. రంగారావుగారు గద యెత్తినప్పుడెల్ల నేను కన్నులు మూసికొంటిని. చిన్నారి రోజారమణి మాత్రము వెఱవలేదు.

ఇఁక 2025 జూలై 25వ తేదీన వచ్చిన ‘మహావతార్ నరసింహ’ మాట. అశ్విన్ కుమార్‌గారు దీనికి దర్శకుఁడు. ఇందు నటు లెవ్వరును లేరు. వేషము లేదు, రంగు లేదు, కిరీటము లేదు. శిల్పి మట్టితోఁ జేసినట్లు కంప్యూటరులో మూర్తిని మలఁచి, దానికి లోపల ఎముకల గూడు నమర్చి, కీలుకీలునకుఁ గదలిక చెప్పి, వెలుఁగు లెటనుండి పడవలయునో యంత్రముచేత గణింపించి, ఒక్కొక్క పటమును సిద్ధము చేయుదురు. క్షణమునకు 24 పటములు కన్నులముందు సాగును. చిత్రము నిడివి సుమారు 130 నిమిషములు. లెక్కవేసినచో పటములు 1,87,000 దాఁటును.

మన పెద్దల కిది అర్థము కాని విద్య కాదు. తోలుబొమ్మల వారు మేకతోలును పలుచఁజేసి, రంగులద్ది, చేతులకును మెడకును కీళ్లు కట్టి, వెనుక దీప ముంచి యాడించెడివారు. కీలు, వెలుఁగు, తెర, తెరవెనుక మాట పలుకువాఁడు: నాలుగును అందు నున్నవి, ఇందు నున్నవి. బొమ్మలాటలో మాట తెలుఁగుననే పుట్టెను. ఇందు పలుభాషలలో మాటలు పొదిగిరి. ఆ యతుకు నా చెవికిఁ దెలియుచునే యుండెను.

గుంటూరిలో మా మనుమని వెంటఁ బోయి చూచితిని. నిజము చెప్పవలయునన్న, నెగ్గుట కల్ల యనుకొనుచునే పోయితిని. భూమి నెత్తు వరాహమూర్తిని జూచిన వెనుక నా నోట మాట రాలేదు. మా ముందు వరుసలోని ముదుసలి యొకతె బొమ్మకే చేతులు మోడ్చెను. మన దేశమునఁ దయారైన బొమ్మల చిత్రములలో నెల్ల నెక్కువ ధనము గడించినది ఇదియే యనిరి; ఆశ్చర్యపడలేదు.

పండితుఁడనుగదా, తప్పులు వెదకక మానలేదు. హోళిక నిప్పులలోఁ గూర్చుండు వృత్తాంతము భాగవతమున లేదు. హిరణ్యకశిపునితోడి తుదియుద్ధము భాగవతమునఁ గొన్ని పద్యములలో ముగియును. ఇచ్చట చాలఁ బెంచిరి. పగలు గాని రాత్రి గాని కాని సంజవేళ, లోపల గాని వెలుపల గాని కాని గడపమీఁద, గోళ్లతోఁ జీల్చుట మాత్రము వరములకు సరిపోవునట్లు చక్కఁగఁ జూపిరి.

నా మనసు మఱియొక చోటఁ జిక్కినది. చండామార్కులను జూచి యందఱును నవ్విరి, నేను నవ్వలేకపోతిని. ముప్పదియేండ్లు బడిలోఁ బనిచేసితిని. వారు నేర్పవలసిన పాఠము నేర్పిరి, పిల్లవాఁడు వేఱొకటి యప్పగించెను, తండ్రి వచ్చి గురువుల నడిగెను. ఆ గతి యెఱుఁగని అయ్యవారు కలఁడా? పైఁగా గురువులు పని మీఁదఁ బోయినప్పుడు తోడి బాలురను గూర్చుండఁబెట్టుకొని పాఠము చెప్పిన శిష్యుఁ డతఁడు! అట్టివాని నొకనిని నేనును బయట నిలువఁబెట్టితిని. పాఠము చెప్పుచున్నాఁడో, అల్లరి చేయుచున్నాఁడో యడుగనైన నడుగలేదు. నలుబదియేండ్లైనది.

ఇంటికి వచ్చిన రాత్రి మనుమఁడు పుస్తకములో చూపుమనెను. మా తండ్రిగారు చదివిన పోతన భాగవతము దించితిని. సప్తమస్కంధము తెఱచి హోళిక యిందు లేదని చూపితిని. వాఁడు నమ్మక రెండు మాఱులు పుటలు త్రిప్పించెను. వానికిఁ దెలుఁగు కూడఁబలికి చదువుటే కష్టము. అయినను కంబము దగ్గఱి పద్యములను వ్రేలు పెట్టి చదివెను, నేను అర్థము చెప్పితిని. మూఁడవనాఁటికి పట్టాభిషేకము దాఁక వచ్చితిమి. శుక్రాచార్యాదులతోఁగూడి బ్రహ్మ ప్రహ్లాదుని రాజును జేసిన ఘట్టమది.

వాఁడు పుస్తకము మూయక, “మరి ఆ అయ్యవార్ల ఉద్యోగం పోయిందా, తాతయ్యా?” అని యడిగెను.