లంకెల పట్టీ పుట్టిన కథ

తెనాలినుండి రేపల్లెకు రైలుమార్గము సుమారు 34 కిలోమీటర్లు. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు 1916లో దీనిని నిర్మించిరి. వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరిన బండికి ముందు దారి లేదు. వచ్చిన పట్టాలమీదనే మరలవలెను. లంకెలు లేని వెబ్ పుట ఇట్టిదే. అందు దిగిన పాఠకునకు వేరొక పుటకు దారి కానరాదు.

ఒక వ్రాతనుండి మరియొక వ్రాతకు నేరుగా దాటవలెనను కోరిక క్రొత్తది కాదు. తాళపత్ర గ్రంథములందు ఆకులను త్రాట గుచ్చి వరుస తప్పకుండ కాపాడిరి. కాని కావలసిన చోటు వెదకుటకు ఆకులు తిప్పక తప్పదు. 1945లో అమెరికా ఇంజనీరు వానెవర్ బుష్, సూక్ష్మచిత్రములలో దాచిన పత్రములను ఒకదానితో నొకటి ముడివేయు యంత్రమును ఊహించెను. అది నిర్మాణమునకు రాలేదు. ఇట్టి వ్రాతకు 1965లో టెడ్ నెల్సన్ ‘హైపర్‌టెక్స్ట్’ అని పేరు పెట్టెను. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్ ఫ్రాన్సిస్కోలో మౌసుతో లంకెలు నొక్కి సభకు చూపెను. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించెను. 1993లో ఆ సంస్థ దానిని ఉచితముగా లోకమున కిచ్చివేసెను. వెబ్ ఇంతగా వ్యాపించుటకు యంత్రబలముకంటె ఈ ఔదార్యమే ముఖ్యకారణమని తలచెదను.

లంకెను తెలుపు గుర్తు ‘ఎ’. ఇది ‘యాంకర్’ అను మాటకు పొడి అక్షరము, అనగా లంగరు. నిజాంపట్నము రేవు చూచినవారికి ఈ పేరు వింత గొలుపదు. లంకెకు కంటికి కనబడు మాట యొకటి, వెనుక దాగిన చిరునామా యొకటి. ఈ రెండే అంగములు.

మొదట లంకెలు వాక్యములనడుమనే యుండెడివి. పుటలు పెరిగినకొలది ముఖ్యమైన లంకెలను ఒకచోట పట్టీగా కూర్చవలసి వచ్చెను. 1996లో నెట్‌స్కేప్ తెరను చట్రములుగా విభజించి, ఒకదానియందు పట్టీని కదలక నిలుపు వీలు కల్పించెను. కాని లోపలి పుట మారినను పై చిరునామా మారెడిది కాదు; చదివిన పుట గుర్తు పెట్టుకొనుట కష్టమయ్యెను. తెలుగువారికి వేరొక చిక్కు. ఆనాడు ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క లెక్కన అక్షరములను దాచెడిది. భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరికిన పేటికలపై బ్రాహ్మీ అక్షరములు రెండువేల యేండ్లకు పైగా నిలిచినవి. తెరపై తెలుగు అక్షరమో, ఆ ఫాంటు లేని యంత్రమునకు చేరుసరికి పిచ్చిగీతలయ్యెడిది! అందుచే పట్టీలోని పేర్లను బొమ్మలుగా గీసి పెట్టువారు. తెరను చదివి వినిపించు సాధనమునకు బొమ్మ మూగది. చూపులేని విద్యార్థికి దారి మూసికొనిపోయెడిది. 1991లో యూనికోడ్ తెలుగునకు స్థిరమైన సంఖ్యల నిచ్చెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చిన పిదప ఈ చిక్కు క్రమముగా సడలెను. 2014లో ప్రమాణమైన హెచ్‌టిఎంఎల్ 5 పట్టీకి ‘నావ్’ అను ప్రత్యేకమైన గుర్తు నిచ్చెను.

రేపల్లె విద్యార్థులు ‘మొదటి పుట’, ‘మా ఊరు’, ‘భట్టిప్రోలు’, ‘రైలు వేళలు’ అని నాలుగు పుటలు వ్రాసిరనుకొందము. ‘నావ్’ లోపల ఒక జాబితా, దానియందు నాలుగు ‘ఎ’ గుర్తులు చాలును. ఇదే పట్టీని, ఇదే వరుసలో, నాలుగు పుటలందును ఉంచవలెను. ఫైళ్ల పేర్లు ఖాళీ లేకుండ చిన్న ఆంగ్లాక్షరములతో పెట్టుట మేలు. ఇంటి కంప్యూటరు పెద్ద, చిన్న అక్షరములను ఒకటిగా నెంచినను, పెక్కు సర్వరులు వేరుగా నెంచును. ఇంట పనిచేసిన లంకె అచట తెగును. పిమ్మట ప్రతి పుటనుండియు తక్కిన మూడింటికి వెళ్లి చూడవలెను. మొత్తము 12 ప్రయాణములు.