కడుపులో దాగిన భయము

మన భాషలో కడుపుమంట, కడుపుకోత అను మాటలున్నవి. మొదటిది ఓర్వలేనితనము, రెండవది బిడ్డను పోగొట్టుకొనిన తల్లి దుఃఖము. రెండును మనస్సుకు చెందినవే, అయినను మన పెద్దలు వాటిని కడుపులోనే ఉంచిరి. ఆ సంబంధము ప్రయోగములకు అందుటకు చాలకాలము పట్టినది.

1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి తుపాకి పేలి ఉదరమున గాయమైనది. గాయము మానినను రంధ్రము పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రముగుండా జీర్ణాశయమును పరిశీలించి, కోపము జీర్ణక్రియను చెరచునని 1833లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

తరువాత హార్వర్డు విద్యార్థి వాల్టర్ కానన్. ఎక్స్ కిరణములు కనుగొనబడిన మరుసటి సంవత్సరమే, 1896లో, ఆయన వాటితో ప్రయోగములు మొదలుపెట్టెను. పిదప పిల్లులకు బిస్మతు కలిపిన ఆహారము పెట్టి, లోపలి కదలికలను తెరమీద చూడసాగెను. పిల్లి బెదరినచో జీర్ణాశయము కదలుట మానెడిది. నిమిరి శాంతపరచినచో అలలు మరల మొదలయ్యెడివి. పరీక్షనాటి ఉదయము కడుపు పట్టుకొని కూర్చుండు విద్యార్థిని ఎరుగని ఉపాధ్యాయుడు ఉండడు గదా!

1940వ దశకము చివర న్యూయార్కులో థామస్ ఆల్మీ మనుష్యులను పరీక్షించెను. ఆరోగ్యవంతుడైన ఒక వైద్యవిద్యార్థి పెద్దప్రేగును గొట్టముద్వారా చూచుచు, అతనికి క్యాన్సరు ఉన్నదని నమ్మించిరి. ప్రేగు బిగుసుకొనినది. అబద్ధమని చెప్పగానే సడలినది. ఇట్టి క్రూరపరీక్షను నేడు ఏ సంఘమును అనుమతింపదు.

ఆల్మీ అర్థము చేసికొనదలచిన వ్యాధికే నేడు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పేరు. కడుపునొప్పి మాటిమాటికి వచ్చును. విరేచనములో, మలబద్ధకమో, రెండునో ఉండును. కాని పరీక్షలలో పుండుగాని వాపుగాని కనబడదు. “నీకేమియు లేదు, అంతయు నీ ఊహ” అని రోగిని పంపివేసిన వైద్యులెందరో. ఇది అన్యాయము. 1973లో ఆక్స్‌ఫర్డులో రిచీ అను వైద్యుడు ప్రేగు చివరిభాగములో చిన్న బుడగను ఉబ్బించి చూచెను. ఇతరులకు నొప్పి తెలియని పరిమాణముననే ఈ రోగులలో పలువురు బాధపడిరి. నొప్పి నిజమైనదే.

ఇట్టి బాధలతో సంబంధమున్న ఒక విషయము 1990లో బయటపడినది. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున డ్రాస్‌మన్ బృందము జీర్ణకోశవ్యాధులతో వచ్చిన 206 మంది స్త్రీలను ప్రశ్నించినది. 44 శాతము మంది బాల్యమునగాని తరువాతగాని శారీరకముగనో లైంగికముగనో హింసింపబడినట్లు తెలిపిరి. ప్రేగులో లోపము కనబడని వారిలో ఇట్టివారు మరింత ఎక్కువ. హింసకు గురియైన వారిలో మూడవవంతు మంది అంతకుముందు ఎవరికిని చెప్పుకొనలేదు. తమ వైద్యునికి చెప్పినవారు 17 శాతము మాత్రమే.

వీరందరును పెద్ద చికిత్సాలయమునకు వచ్చిన రోగులు. ఈ లెక్క జనసామాన్యమునకు చెల్లదు. ప్రతి కడుపునొప్పి వెనుకను దౌర్జన్యము ఉన్నదనియు తలచరాదు. అయితే దీర్ఘకాలము భయములో పెరిగిన బిడ్డ శరీరము, అపాయము తొలగిన పిదప కూడ హెచ్చరికగానే ఉండగలదు. అట్టి స్థితిలో మెదడు పంపు నాడీసంకేతములు, హార్మోనులు ప్రేగులను కూడ తాకును.

దారి ఒకవైపునకే లేదు. ఆస్ట్రేలియాలో 12 ఏండ్లపాటు ప్రజలను గమనించి 2012లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, కొందరిలో ఆందోళన ముందు, కడుపుబాధ తరువాత. మరికొందరిలో కడుపుబాధయే ముందు. 2016లో ఈ వ్యాధుల లక్షణములను నిర్ణయించు రోమ్ సంస్థ నిపుణులు, వీటిని మెదడు ప్రేగుల పరస్పర వ్యవహారములోని లోపములుగా నిర్వచించిరి.