పీఎస్‌ఏ టెస్ట్: రిపోర్టులో 4 దాటితే క్యాన్సరేనా? 0.5 వస్తే సేఫేనా? ఆ నంబర్ వెనుక లెక్క ఇదే!

50 దాటిన మగవాళ్ల హెల్త్ చెకప్‌లో తరచూ కనిపించే రక్తపరీక్ష పీఎస్‌ఏ. నంబర్ పెరిగితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. తగ్గితే హమ్మయ్య అనుకుని రిపోర్టు పక్కన పడేస్తారు. నిజానికి రెండూ తొందరపాటే.

అసలేంటీ పీఎస్‌ఏ?
మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్ ఇది. పూర్తి పేరు ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. ఆరోగ్యవంతుల రక్తంలోనూ కొద్దిగా ఉంటుంది. మిల్లీలీటర్‌కు 4 నానోగ్రాముల లోపు ఉంటే నార్మల్ అన్నది పాత లెక్క.

4 దాటితే?
క్యాన్సర్ అని ఖాయం చేసుకోవద్దు. వయసుతో పాటు ప్రోస్టేట్ ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ ఉంటుంది. 10 దాటితే ఆ అవకాశం సగానికి పైనే. అందుకే డాక్టర్లు ముందు టెస్ట్ రిపీట్ చేయిస్తారు. అవసరమైతే ఎంఆర్‌ఐ, ఆపై బయాప్సీ. క్యాన్సర్ అని తేల్చేది బయాప్సీయే. టెస్ట్‌కు ముందు రెండు రోజులు సైక్లింగ్‌కు, శృంగారానికి దూరంగా ఉండాలి.

ఈ మాత్రలు వాడుతున్నారా?
ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే రిపోర్టులో 3 ఉంటే అసలు లెక్క 6 కావచ్చు. ఈ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత లెక్క వేరు
క్యాన్సర్ వల్ల గ్రంథిని పూర్తిగా తీసేస్తే పీఎస్‌ఏ దాదాపు సున్నాకు రావాలి. తర్వాత 0.2కు చేరి, రెండో టెస్ట్‌లోనూ అలాగే ఉంటే వ్యాధి తిరగబెట్టిందేమోనని చూస్తారు. కానీ ల్యాబ్ రిపోర్టులో మాత్రం 0.5 వచ్చినా నార్మల్ అనే ఉంటుంది! అది చూసి చెకప్ మానేస్తే ప్రమాదం. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో అయితే, అత్యంత తక్కువ స్థాయికి పడిన నంబర్ కంటే 2 పెరిగితే అలర్ట్ అవుతారు.

ఎవరు చేయించుకోవాలి?
అమెరికా నిపుణుల బృందం 2018 సూచన ప్రకారం 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి. 70 దాటితే రొటీన్‌గా అక్కర్లేదు. తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ఇంకా ముందే డాక్టర్‌ను అడగాలి. పాత రిపోర్టులన్నీ దాచుకుని వెంట తీసుకెళ్లండి. ఒక్క నంబర్ కంటే అది ఎలా మారుతోందన్నదే డాక్టర్‌కు ముఖ్యం.