నడుముకి కట్టుకునే కంప్యూటర్ కథ



మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది. ఒంటికి పెట్టుకునే చిన్న కంప్యూటర్లు చేసే కొత్త కంపెనీలో షేర్లు కొనమని వాళ్ల మరిదిగారు అంటున్నారట. తన జీతంలోంచి కూడబెట్టుకున్న డబ్బు ఇరవై వేల డాలర్లు. "పెట్టనా, వద్దా?" అని అడిగింది. ఆ కంపెనీ సంగతి నాకు తెలియదు. కానీ ఇలాంటి కంపెనీ ఒకటి మనవాళ్లు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాలోనే పుట్టి, అక్కడే కుప్పకూలింది. ఆ కథ తెలిస్తే ఏమేం అడగాలో మనకే తోస్తుంది.

దాని పేరు జైబర్‌నాట్. 1990లో మొదలైంది. ఇప్పుడు మన చేతికి వాచీ ఉంది, కొందరి కళ్లకి స్మార్ట్ అద్దాలున్నాయి. అప్పుడవేవీ లేవు, ల్యాప్‌టాప్ కూడా ఇటుకంత బరువుండేది. అలాంటి రోజుల్లో వాళ్లు కంప్యూటర్‌ని నడుముకి బెల్టులా కట్టుకోవచ్చన్నారు. తెర కంటి ముందు ఉంటుంది, మాటతోనే ఆజ్ఞలివ్వొచ్చు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. విమానం మరమ్మతు చేసేవాళ్లకీ, స్తంభమెక్కిన టెలిఫోన్ మెకానిక్‌కీ ఎంత ఉపయోగమో ఆలోచించండి! 1994లో పేటెంట్ వచ్చింది. 1996లో షేర్లు నాస్‌డాక్‌లోకి వెళ్లాయి. 2002లో హిటాచీతో కలిసి మామూలు జనం కోసం 'పోమా' అని ఒకటి తెచ్చారు. ధర దాదాపు పదిహేను వందల డాలర్లు.

ఇంత బావుంటే మరి ఎక్కడ తేడా వచ్చింది?

మొదటి సంగతి, సరుకు అమ్ముడుపోలేదు. పేపర్లలో పెద్ద పెద్ద కంపెనీల పేర్లతో ప్రకటనలు వచ్చేవి గానీ ఏ ఒక్క ఏడూ లాభం కళ్లజూడలేదు. మరి జీతాలు, అద్దెలు ఎక్కణ్ణుంచి? కొత్త షేర్లు అచ్చేసి అమ్మడం, ఆ డబ్బయిపోతే మళ్లీ అమ్మడం.

దీని అర్థమేంటో మన భాషలో చెప్తాను. పదిమంది కలిసి ఒక ఎకరం కొన్నారనుకోండి. కంచెకి డబ్బు చాలక ఇంకో పదిమందిని చేర్చుకున్నారు. తర్వాత బోరుకని మరో ఇరవైమంది. కాగితం మీద మీ పేరు అలాగే ఉంటుంది, కానీ పదో వంతు కాస్తా నలభయ్యో వంతు అయిపోయింది. కొత్తగా చేరినవాళ్ల డబ్బుతో పొలం విలువ పెరిగితే సరే. ఆ డబ్బు ఖర్చులకే పోతే మీ వాటా కరిగినట్టే. జైబర్‌నాట్ షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఏళ్ల తరబడి జరిగింది ఇదే.

రెండో సంగతి ఇంకా చేదు. 2005 ఏప్రిల్‌లో కంపెనీ సొంత ఆడిట్ కమిటీయే విచారణ జరిపి, పైవాళ్ల తప్పులు బయటపెట్టింది. కంపెనీ అధిపతి సరైన లెక్క చూపకుండా కంపెనీ డబ్బు సొంత ఖర్చులకి వాడారని, కుటుంబసభ్యులకి ఉద్యోగాలిచ్చి ఆ విషయం వెల్లడించలేదని తేల్చింది. పైపదవుల్లో ఉన్న అన్నదమ్ములిద్దరూ తప్పుకోవలసి వచ్చింది. ఆడిటర్ సంస్థ కూడా వెళ్లిపోయింది. పాత లెక్కలు నమ్మవద్దన్నారు. నాస్‌డాక్ నుంచి షేరు పోయింది. జూలైలో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లారు.

గమనించారా? ఆలోచన తప్పు కాదు. ఈరోజు కోట్లమంది ఒంటిమీద కంప్యూటర్ ఉంది. ఆలోచన నిజమైంది, దానిమీద డబ్బు పెట్టినవాళ్లు మాత్రం నష్టపోయారు.

తర్వాతి తరంలోనూ చూడండి. 2012లో పెబుల్ అనే వాచీ కోసం కిక్‌స్టార్టర్‌లో దాదాపు 69 వేలమంది కోటి డాలర్లకి పైగా ఇచ్చారు. వాళ్లకి వాచీ వచ్చింది, కంపెనీలో వాటా రాలేదు. 2016 చివర్లో ఆ కంపెనీ మూతబడి, ఆస్తులు కొన్ని ఫిట్‌బిట్‌కి వెళ్లాయి. ఆ ఫిట్‌బిట్ మాత్రం? 2015 జూన్‌లో షేరు 20 డాలర్లకి జనంలోకి వచ్చింది. 2021లో గూగుల్ కొన్నప్పుడు షేరుకి ఇచ్చింది 7.35 డాలర్లు. మొదటిరోజు ఆ ధరకి వెయ్యి డాలర్లు పెట్టి చివరిదాకా ఉంచుకున్నవాళ్లకి చేతికొచ్చింది 367 డాలర్ల చిల్లర. పేరూ, అమ్మకాలూ ఉన్న కంపెనీ గతే ఇది.

కాబట్టి చెల్లీ, మీ మరిదిగారిని నొప్పించక్కర్లేదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడుగు. పోయినేడు నిజంగా ఎంత సరుకు అమ్మారు? చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది? మూడేళ్ల కిందట షేర్లెన్ని, ఇప్పుడెన్ని? ఆడిటర్ మారారా, బోర్డులో ఒకే ఇంటివాళ్లెందరు? నాస్‌డాక్ లాంటి చోట ఉన్న అమెరికా కంపెనీ అయితే ఇవన్నీ ఎస్‌ఈసీ వెబ్‌సైట్‌లో, టెన్-కె అనే వార్షిక నివేదికలో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు లెక్కలు చూసి భయపడకు, ఇంట్లో చీటీలెక్క చూసుకునేవాళ్లకి ఇది కష్టం కాదు. అసలు ఆ కంపెనీ అక్కడ లేకపోతే, ఆ లెక్కలన్నీ కాగితం మీద చూపించమని అడుగు.

జవాబులు నచ్చినా ఇరవై వేలూ ఒక్కచోట పెట్టకు. పోయినా నిద్రపట్టేంత మాత్రమే పెట్టు. నచ్చకపోతే "ఇప్పుడు కాదండీ" అని చెప్పెయ్. అది నువ్వు సంపాదించిన డబ్బు, కాదనే హక్కు కూడా నీదే.

ఆ టెన్-కె తెచ్చుకుంటే గ్రూపులో పెట్టు. ఆదివారం అందరం కలిసి చదువుదాం.