శ్రద్ధకు దూరపు చుట్టం

మైలవరంలో 1998లో మొదలైన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కాలేజీలాంటి చోట కంప్యూటర్ చదివే పిల్లలకు ‘క్రెడెన్షియల్స్’ రోజూ వినిపించే మాట. రెండు సాఫ్ట్‌వేర్లను కలిపే కనెక్టర్ ముందుగా అడిగేది వాటినే: యూజర్ పేరు, పాస్‌వర్డ్, లేదంటే తాళంచెవిలా పనిచేసే రహస్య సంకేతం, ఏపీఐ కీ.

ఈ మాట లాటిన్ ‘క్రేదెరె’ నుంచి వచ్చింది. నమ్మడం అని దానర్థం. అప్పుకు వాడే ‘క్రెడిట్’ కూడా దాని సంతానమే. కొత్తగా వచ్చిన విదేశీ రాయబారి మన రాష్ట్రపతికి సమర్పించే పత్రాలకూ ఇంగ్లీషులో ఇదే పేరు. వీటన్నిటికంటే ముచ్చటైన సంగతి మరొకటి ఉంది: ‘క్రేదెరె’, సంస్కృత ‘శ్రద్ధ’ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవని భాషావేత్తలు తేల్చారు. ఋగ్వేదం పదో మండలంలో శ్రద్ధకు ఏకంగా ఒక సూక్తమే ఉంది. అక్కడ దాని భావం విశ్వాసం. పితృదేవతలకు పెట్టే శ్రాద్ధం కూడా ఆ మాట నుంచి వచ్చిందే. తెలుగు ఇళ్లలో ‘శ్రద్ధగా చదువుకో’ అన్నప్పుడు మాత్రం అది మనసు పెట్టడం.

కనెక్టర్ దగ్గర ఈ రెండర్థాలూ కావాలి.

కోడ్‌లోనే కీ రాసేసి, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో బహిరంగంగా పెడితే, చూసినవాళ్లెవరైనా దాన్ని వాడుకోగలరు. కీని కోడ్‌కు దూరంగా, రహస్య నిల్వలో దాచాలి. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 ఇంకా మేలు. అందులో యూజర్ తన పాస్‌వర్డ్‌ను కనెక్టర్ చేతికి ఇవ్వనక్కర్లేదు. ఖాతా ఉన్న చోటే లాగిన్ అయి, క్యాలెండర్ చదవడం వరకే అనుమతి అని హద్దు గీయవచ్చు. కనెక్టర్‌కు దక్కేది ఒక టోకెన్. వద్దనుకున్న రోజు పాస్‌వర్డ్ మార్చకుండానే ఆ అనుమతిని రద్దు చేసుకోవచ్చు.