ముంజేతి ఫిల్ము

చంద్రపూర్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. నడుం పట్టేసి, మెడ తిరగక ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు కీళ్లవాతమని పేరు పెట్టేముందు ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయాలి. ఈ పాఠం తెలుగు నేల మీద నేర్చుకున్నదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. ఈ జబ్బు ముదిరినవాళ్ల ఫిల్ములో వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా కనిపిస్తాయి. ముంజేతి రెండెముకల మధ్య పొర కూడా గట్టిపడి, ముళ్లకంచెలా గరుకుగా తేలుతుంది. వెన్ను బిగుసుకునే వాతంలో మాత్రం ముందుగా చెడేది తుంటి వెనుక, త్రికాస్థి దగ్గరి కీలు. ఎముక పలచబడుతుంది కూడా.

ఫిల్ములో తేలేసరికి ఆలస్యమైపోతుందిగా అనవచ్చు. నిజమే, తొలిదశలో ఫిల్ము మామూలుగానే ఉండొచ్చు. అందుకే నీళ్లూ మూత్రమూ పరీక్షించాలి. తెల్లదనం ఒక్కటే గుర్తు అనుకున్నా పొరపాటే: 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను వివరించినప్పుడు, వెన్ను చిక్కబడినా కాళ్లూ చేతుల ఎముకలు పలచబడి ఉన్నాయి. అయినా ఫిల్మును పక్కన పెట్టలేం. ఫ్లోరోసిస్‌ను వాతమని పొరబడి మందులు ఎన్నేళ్లు మింగినా ఎముకలో చేరిన ఫ్లోరైడ్ కరగదు. మార్చాల్సింది బిందెలో నీళ్లు. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతిని చంద్రపూర్‌కు దగ్గర్లోని నాగపూర్ నీరీ సంస్థే రూపొందించింది. దాని పేరు నల్గొండ పద్ధతి.